ఎండీ గారి ఆరు మెట్లు

పాలు విరగ్గొట్టడం చేతకాక మాచవరపు కోదండం ఉద్యోగం పోగొట్టుకునేదాకా వచ్చాడంటే తెలియనివాళ్లు నవ్వుతారు. తెలిసినవాళ్లంతా ఆ డెయిరీలోనే పనిచేస్తున్నారు కాబట్టి వాళ్లకు నవ్వే తీరిక లేదు.

రేపల్లె దారిలో ఉన్న ఆ సంస్థ పేరు గోమేధిక డెయిరీ. గోవుకీ ఆ పేరుకీ ఏ సంబంధమూ లేదు. అది ఎండీ చక్రధరరావు గారి ఉంగరపు వేలికున్న రాయి పేరు. నలభై రెండు ఊళ్ల గేదెల పాలు అక్కడికొస్తాయి. వచ్చిన పాలను నాలుగు డిగ్రీలకు చల్లార్చి, ట్యాంకర్లకెక్కించి పట్నం పంపడం డిప్యూటీ మేనేజరు కోదండం పని. క్యాను మూత తీసి ఒక్కసారి వాసన చూస్తే అవి ఏ ఊరి పాలో, ఆ గేదె నిన్న జొన్నచొప్ప మేసిందో పిల్లిపెసర మేసిందో చెప్పేస్తాడు. ఇరవై రెండేళ్లలో అతని చేతిమీదుగా ఒక్క ట్యాంకరు విరగలేదు.

ఫాల్గుణంలో ప్లాంటు మేనేజరు రిటైరయ్యాడు. ఆ కుర్చీ కోదండానిదేనని కుర్చీ తుడిచే మనిషి దగ్గర్నుంచి అందరూ అనుకున్నారు. పదకొండేళ్లుగా డిప్యూటీగా ఉన్నవాడు, ఇంకెవరికిస్తారు? కోదండం భార్య రత్నావళి అయితే మేనేజరు క్వార్టర్సు బయటినుంచి రెండుసార్లు చూసొచ్చి, ఏ మూల ఫ్రిజ్ పెట్టాలో, ఏ కిటికీకి తెర కట్టాలో నిర్ణయించేసింది. పైకి ఏమీ అనడు గానీ కోదండానికీ ఆ కుర్చీ మీద ప్రాణం ఉంది. ఉండదా మరి? మనిషన్నాక.

సరిగ్గా ఆ సమయంలో 'వాణిజ్య శిఖరం' అనే పత్రిక చక్రధరరావు గారి ముఖచిత్రం వేసి, పద్నాలుగు పేజీల ఇంటర్వ్యూ అచ్చేసింది. మీరు ఎలా ఎదిగారు అని విలేఖరి అడిగితే ఆయన ఆరు మెట్లు చెప్పారు. ఒకటి, ఇంటర్‌లో లెక్కలు తప్పారు. రెండు, పాల క్యాన్లతో సైకిలు తొక్కుతూ కాలవలో పడ్డారు. మూడు, పాలు పలచగా ఉన్నాయని ఓ టీ హోటలాయన చెంప ఛెళ్లుమనిపించాడు. నాలుగు, ఆయన అజాగ్రత్త వల్ల ఒక ట్యాంకరు పాలు మొత్తం విరిగిపోయాయి, ఆ విరిగిన పాలను చూస్తుండగా మెరుపులా పన్నీరు ఆలోచన వచ్చింది. అయిదు, అప్పటి చైర్మన్‌తో పేచీ వచ్చి రాజీనామా మొహాన కొట్టారు. ఆరు, చైర్మనే ఇంటికొచ్చి బతిమాలి తీసుకెళ్లాడు.

పనిలో పనిగా సాంకేతికత మీద కూడా ఆయన అభిప్రాయాలు చెప్పారు. "పని దైవమైతే టెక్నాలజీ పూజారి" అన్నారు. మధ్యలో భక్తుడి సంగతి విలేఖరి అడగలేదు. "నేను ముప్పై ఏళ్లలో నేర్చుకున్నది టెక్నాలజీ సాయంతో మా సిబ్బంది ముప్పై వారాల్లో నేర్చుకోవాలి. అనుభవాన్ని నకలు తీయగలిగిన రోజున ప్రతి గుమాస్తా నాయకుడవుతాడు" అని కూడా అన్నారు. ఇలాంటి మాటలు పెద్దవాళ్లు అంటుంటారు, మనం పత్రిక మడిచి అవతల పెడుతుంటాం. కానీ గోమేధికలో హిమబిందు గారున్నారు.

హిమబిందు గారు మానవ వనరుల విభాగానికి అధిపతి. ఎవరేం చెప్పినా దాన్ని అక్షరాలా అమలు చేసే అరుదైన తెలివి ఆమెది. నెల తిరక్కుండా 'నిచ్చెన' అనే యాప్ తయారు చేయించి, అధికారులందరినీ సమావేశపరిచి సర్క్యులరు చదివింది.

"ఇందుమూలముగా అధికార సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, నాయకత్వమన్నది ఆకాశమునుండి ఊడిపడునది కాదు, అది ఒక క్రమబద్ధమైన అనుభవ పరంపర. కావున ఇకపై పదోన్నతి కోరు ప్రతి అధికారియు గౌరవ ఎండీ గారి ఆరు మెట్లను విధిగా అనుభవించి, యాప్ ద్వారా ధ్రువీకరణ పొందవలెను. ప్లాంటు మేనేజరు నియామకము ఈ ప్రాతిపదికననే జరుగును."

కోదండం చెయ్యెత్తాడు. "అమ్మా, అవి ఆయనకు వాటంతటవే జరిగినయ్యి గదా. మనకు జరగకపోతే?"

"జరిపిస్తామండీ. సంస్థ ఉన్నది ఎందుకు?" అంది హిమబిందు ఆప్యాయంగా.

మొదటి మెట్టుమీదే కోదండం బోర్లాపడ్డాడు. యాప్ తెరవగానే ఎర్రటి అక్షరాల్లో 'మీ గతంలో లోపం గుర్తించబడినది: ఉత్తీర్ణత' అని వచ్చింది. అతను ఇంటరు ఫస్టు క్లాసులో పాసయ్యాడు, పైగా పాల శాస్త్రంలో డిగ్రీ. తప్పినవాళ్లు కాలరెగరేసుకుని తిరుగుతున్నారు. అకౌంట్సు రామదుర్గం అయితే నాలుగుసార్లు తప్పాడు, అతనికి ఏకంగా ప్రశంసాపత్రం ఇచ్చారు.

"దూరవిద్యలో మళ్లీ రాయండి సార్," అంది హిమబిందు. "ఎండీ గారికి లెక్కల్లో పందొమ్మిది వచ్చినయ్యి. మీకూ సరిగ్గా పందొమ్మిదే రావాలి. పద్దెనిమిదొస్తే అహంకారం, ఇరవయ్యొస్తే అవిధేయత."

నలభై ఏడేళ్ల వయసులో కోదండం పరీక్ష హాల్లో కూర్చుని, ఏ లెక్క ఎంతవరకు చేసి వదిలేస్తే పందొమ్మిది వస్తాయో లెక్కలు వేసుకున్నాడు. తప్పడానికి ఇంత లెక్క రావాలని అతనికి అప్పుడే తెలిసింది. అయితే దిద్దినాయన ఆ ముత్యాల్లాంటి దస్తూరీ చూసి ముచ్చటపడి, సగం సగం లెక్కలకు కూడా మార్కులు విదిలించాడు. ముప్పై ఏడు వచ్చాయి. పాస్.

"తప్పడం కూడా చేతకాదుటండీ మీకు," అంది రత్నావళి కళ్లొత్తుకుంటూ. "ఊళ్లో పిల్లలు ఎంత తేలిగ్గా తప్పుతున్నారు."

రెండోసారి ఎడం చేత్తో రాశాడు. పందొమ్మిది వచ్చాయి. రత్నావళి వీధిలో లడ్డూలు పంచింది. ఎదురింటాయన చెయ్యి పట్టుకుని "తప్పారంటగా, సంతోషం" అని వెళ్లాడు.

రెండో మెట్టుకు కాలవ కావాలి. ఎండాకాలం, కాలవలు కట్టేశారు. సంస్థ వెనక్కి తగ్గలేదు. ప్లాంటు వెనకాల నలభై అడుగుల సిమెంటు కాలవ కట్టించి నీళ్లు నింపింది. రక్షణాధికారి వచ్చి కొలిచి, పడేవాళ్లు హెల్మెట్టూ గాలి జాకెట్టూ వేసుకోవాలనీ, లోతు మోకాలు దాటకూడదనీ షరతు పెట్టాడు. మొదటి రోజు పన్నెండుమంది అధికారులు సైకిళ్లమీదొచ్చి వరుసగా పడ్డారు. పన్నెండుమందినీ యాప్ తిప్పికొట్టింది. 'ఉద్దేశపూర్వక పతనం. చెల్లదు.'

నిజమే మరి. ఎండీ గారు పడతానని తెలిసి పడలేదు. హిమబిందు ఒక పూటంతా ఆలోచించి, రిటైరైన హెడ్‌కానిస్టేబుల్ ఒకాయన్ని 'ఆకస్మిక పతన సహాయకుడు' అనే హోదాలో నియమించింది. మఫ్టీలో తిరుగుతూ, ఎదురుచూడని వేళ తొయ్యడం ఆయన డ్యూటీ. ఆ పక్షం రోజులూ డెయిరీలో అధికారులు గోడకు వీపు ఆనించి నడిచారు, గోడకు వీపు ఆనించి భోంచేశారు. టీ తెచ్చిన మనిషిని కూడా అనుమానంగా చూశారు.

కోదండాన్ని ఓ మంగళవారం పొద్దున్న తోశాడాయన. పెదపల్లెపాలెం పాల నమూనా సీసా పట్టుకుని సైకిలు మీద ల్యాబుకు పోతున్నాడు కోదండం. నీళ్లలో పడ్డాడు, మునిగాడు, కానీ సీసా ఉన్న చెయ్యి మాత్రం పైకే ఉంది. చుక్క నీరు పాలల్లో పడలేదు. ల్యాబువాళ్లు చప్పట్లు కొట్టారు. యాప్ మాత్రం మెట్టు పూర్తయిందంటూనే కింద ఒక వ్యాఖ్య రాసింది. 'ఈ అధికారిలో కాపాడే లక్షణం కనిపిస్తున్నది. సరిదిద్దవలెను.'

ఇక చెంపదెబ్బ. ఎండీ గారిని కొట్టిన హోటలాయన కాలం చేశాడు. కొడుకు మల్లిఖార్జునం ఆ హోటలే నడుపుతున్నాడు. సంస్థ అతనితో ఒప్పందం రాసుకుంది. మనిషి ఒట్టి మెత్తన. కోదండాన్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"మీరా అండీ. మిమ్మల్ని నేనెట్టా కొడతానండీ? మా నాయన ఉన్నప్పటి నుంచీ పాలు పంపుతున్నారు. కూర్చోండి, టీ తాగండి."

"అది కాదు నాయనా, ఒక్కటి కొట్టు. ఉద్యోగం సంగతి."

మల్లిఖార్జునం కళ్లు మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని, కోదండం చెంపమీద చెయ్యి వేశాడు. కోదండం దవడకు కట్టిన యంత్రం చూసి యాప్ 'ఇది నిమురుట' అంది. రెండోసారి 'దుమ్ము దులుపుట' అంది. మధ్యాహ్నం దాటుతోంది, కోదండానికి ప్లాంటులో ట్యాంకరు బయల్దేరే వేళవుతోంది.

ఇక లాభం లేదని, "మీ నాయన టీ బాగుండేదయ్యా," అన్నాడు. "నీది టీయా అది? అంట్లు కడిగిన నీళ్లు నయం. మీ నాయన పేరు చెడగొట్టడానికే పుట్టినట్టున్నావు."

ఛెళ్లుమంది. యాప్ తొంభై ఏడు మార్కులేసింది. మల్లిఖార్జునం వెంటనే బావురుమని కోదండం చేతులు పట్టుకున్నాడు. ఇద్దరూ కూర్చుని టీ తాగారు. కోదండం వాణ్ణి రెచ్చగొట్టడానికి అబద్ధం ఆడాననుకున్నాడు గానీ, తాగాక చూస్తే ఆడింది నిజమే.

ఇవన్నీ కోదండం ఎందుకు పడ్డాడూ అంటే, ఆ కుర్చీ కోసం. ఇవన్నీ తనకు మాత్రమే జరుగుతున్నాయి, పోనీలే అనుకున్నాడు. నాలుగో మెట్టు అలాంటిది కాదు. అది పాలకు జరగాలి.

ముప్పై ఎనిమిదిమంది అధికారులున్నారు. తలా ఒక ట్యాంకరు విరగ్గొట్టాలి. ట్యాంకరంటే పదివేల లీటర్లు. పాలను చల్లార్చే కంప్రెసరు ఆపి, అయిదు గంటలు అజాగ్రత్తగా కూర్చుని, పాలు విరిగాక ట్యాంకరు ముందు రెండు నిమిషాలు మౌనంగా నిలబడి, మెరుపు మెరిసినట్టు మొహం పెట్టి "పన్నీరు" అనాలి. మార్కెటింగు అధికారి ఒకాయన కంగారులో "రసగుల్లా" అన్నాడు. ఆయనకు మళ్లీ ఇంకో ట్యాంకరు కేటాయించారు.

అప్పటికి పదకొండు ట్యాంకర్లు అయిపోయాయి. డెయిరీలో ఎక్కడ చూసినా పన్నీరే. క్యాంటీనులో ఇడ్లీ పోయి పన్నీరు ఉప్మా వచ్చింది. ఎవరింట్లో పెళ్లయినా సంస్థ తరఫున గంపెడు పన్నీరు చదివింపులు. పట్నంలో పాల ప్యాకెట్లు దొరక్క జనం దుకాణాల ముందు తగువులాడుకుంటుంటే, హిమబిందు నివేదికలో 'అనుభవ సముపార్జన సంతృప్తికరం' అని రాసింది.

గురువారం మధ్యాహ్నం కోదండం వంతు. కంప్రెసరు గదిలోకి వెళ్లి స్విచ్చు మీద చెయ్యి పెట్టాడు. బయట క్యాన్లు కడుగుతున్న మహంకాళమ్మ చూసింది. ఆమె డెయిరీ పుట్టిన్నాటి నుంచీ క్యాన్లు కడుగుతోంది. అధికారి కాదు కనుక ఆమెకు ఏ మెట్లూ లేవు.

"ఏ ఊరి పాలు బాబూ అయ్యి?" అంది.

"పెదపల్లెపాలెం, గుడికాయలంక, అరవపల్లి."

"గుడికాయలంకలో బూలచ్చిమి గేదె ఈని పదిరోజులయిందంట గదా. మొన్నటిదాకా కూతురి పురుడికి పోయి పాలు పొయ్యలా. ఇయ్యాలే మొదలుపెట్టింది."

పొద్దున ఆ క్యాను మూత తీసినప్పుడు కోదండానికి కొత్తగా ఈనిన గేదె పాల కమ్మదనం తెలిసింది, అప్పుడే మనసులో భలే పాలు అనుకున్నాడు. చెయ్యి స్విచ్చు మీదే ఉంది. అది కిందికి కదలదు. ఇరవై రెండేళ్లుగా ఆ స్విచ్చు వెయ్యడమే గానీ తియ్యడం ఆ చేతికి అలవాటు లేదు. వస్తున్నది ఏడుపో కోపమో అతనికే తెలియలేదు. ముందు కోపమే బయటికొచ్చింది.

తిన్నగా హిమబిందు గదిలోకి వెళ్లాడు. "నావల్ల కాదమ్మా. మనుషులు తాగే పాలు. తెల్లారకముందే లేచి పితికి పంపితే, మనం కూర్చుని విరగ్గొట్టడమేంటి?"

హిమబిందు జాలిగా చూసింది. "మీకు పాలతో మమకారం ఏర్పడింది సార్. ఈ వృత్తిలో అది జబ్బు కిందికొస్తుంది. కావాలంటే రెండు వారాలు మజ్జిగ విభాగంలో విశ్రాంతి తీసుకోండి."

కోదండం అక్కడే కాగితం లాక్కుని రాజీనామా రాసి బల్లమీద పడేశాడు. హిమబిందు ఆ కాగితం చూడలేదు, ఫోను ఎత్తి అతని మొహానికి పట్టింది. "నిచ్చెన" గంట కొట్టింది. 'కోపం: స్వచ్ఛమైనది. నూటికి నూరు. అయిదవ మెట్టు పూర్తి.'

"అమ్మా, ఇది నిజం రాజీనామా."

"అందుకేనండీ నూరొచ్చింది. ఇప్పటిదాకా ఎవరికీ నలభై దాటలేదు," అంది ఆమె, పొంగిపోతూ.

ఇంటికెళ్లి చెబితే రత్నావళి చాలాసేపు వంటింట్లోంచి బయటికి రాలేదు. వచ్చాక, "ఫ్రిజ్ ఇక్కడే ఉంటుంది, ఏం కొంప మునిగింది," అంది. ఆమె గొంతులో బాధ దాగలేదు. కోదండానికి తలెత్తి చూడడానికి మొహం చెల్లలేదు.

నిబంధన నిబంధనే కాబట్టి ఆరో మెట్టు దానంతటదే కదిలింది. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఎండీ కారు కోదండం ఇంటిముందు ఆగింది. చక్రధరరావు గారు, హిమబిందు, ఓ ఫోటోగ్రాఫరు దిగారు. వసారాలో వెలుతురు బాగుందని చెప్పుల స్టాండు పక్కనే కుర్చీ వేయించి ఎండీని కూర్చోబెట్టారు. ఎదురుగా మూడుకాళ్ల స్టాండు మీద ఫోను నిలబెట్టారు.

ఎండీ గారు గొంతు సవరించుకున్నారు. "కోదండం, నువ్వు లేని సంస్థ ఉప్పులేని పప్పు. కోపతాపాలు మనుషులకు సహజం. నడు, మన ఇంటికి మనం పోదాం." ఇంటర్వ్యూలో చైర్మన్ అన్నట్టుగా ఉన్న మాటలవి, ఒక్క అక్షరం తేడా లేదు.

"నేను రాను సార్," అన్నాడు కోదండం.

ఎండీ హిమబిందు వైపు చూశారు. రాకపోతే ఏమనాలో పద్నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. ఆయన కాసేపు ఉంగరం తిప్పుకుని, "మీరిద్దరూ కారు దగ్గర ఉండండమ్మా," అన్నారు. వాళ్లు వెళ్లారు. ఫోను మాత్రం స్టాండు మీదే ఉండిపోయింది.

"ఏందయ్యా నీ బాధ?"

"నాకొక్కటి చెప్పండి సార్. ఇంటరు తప్పడం, కాలవలో పడడం అర్థమైనయ్యి. మీరూ పాలమనిషే గదా. ఆ రోజు పదివేల లీటర్లు కళ్లముందు విరుగుతుంటే చూస్తూ కూర్చోడానికి మీకు మనసెట్టా ఒప్పింది?"

చక్రధరరావు గారి మొహం చిన్నబోయింది. అవార్డులు తీసుకునేటప్పుడు ఉండే మొహం కాదది. ముప్పై ఏళ్ల కిందట సైకిలు తొక్కిన మనిషి మొహం.

"నేను చూస్తూ కూర్చోలేదయ్యా. నేనసలు అక్కడ లేను. మధ్యాహ్నం భోంచేసి ఇంట్లో పడుకున్నాను. కరెంటు పోయింది, పాలు విరిగినయ్యి. నేను లేచి వెళ్లేసరికి మహంకాళమ్మ ఆ పాలన్నీ గుడ్డల్లో కట్టి, రాళ్లెత్తి పన్నీరు చేసి పెట్టింది. పడేస్తే పాపం బాబూ అంది. నేను దాన్ని పట్నం తీసుకెళ్లి అమ్మాను. అంతే."

"మరి చైర్మన్ గారు మీ ఇంటికొచ్చి..."

"ఆయనెందుకొస్తాడయ్యా మా ఇంటికి? రాజీనామా ఇచ్చి రెండ్రోజులు ఇంట్లో కూర్చుంటే భయమేసింది. నేనే వెళ్లి ఆయన కాళ్లు పట్టుకున్నాను. బాగానే పట్టుకున్నాన్లే, లే లే అనేదాకా."

"ఇవన్నీ ఇంటర్వ్యూలో చెప్పలేదేం సార్?"

"మీరెట్టా ఎదిగారని అడిగాడయ్యా ఆ విలేఖరి," అన్నారు చక్రధరరావు గారు. "ఏం జరిగిందని అడగలేదు."

అంతలో కోదండం ఫోను మోగింది. మహంకాళమ్మ, వాచ్‌మన్ ఫోన్లోంచి. "బాబూ, మిసను ఆగిపోయింది. ట్యాంకరు వేడెక్కతంది. ఆపీసరోళ్లు ఒక్కళ్లు లేరు, కాలవ కాడికొకళ్లు, టీ కొట్టు కాడికొకళ్లు పోయినారు. తడి గోనెలు కప్పతన్నాం. నువ్వు రా."

కోదండం లేచాడు. రాజీనామా సంగతి ఆ క్షణాన అతనికి గుర్తులేదు. అప్పుడే హిమబిందు గేటు తోసుకుని పరుగున వచ్చింది. స్టాండు మీది ఫోను వసారాలో జరిగిందంతా విని, ఆమె చేతిలో ఉన్న ఫోనుకు చేరవేసింది. ఆమె మొహం వెలిగిపోతోంది.

"సార్, అంతా రికార్డయింది. యాప్ రెండు మెట్లు సవరించింది. నాలుగో మెట్టు, పాలు చెడుతుండగా అధికారి స్వగృహమందు ఉండుట. కోదండం గారూ, అక్కడ పాలు చెడుతున్నయ్యి, ఇక్కడ మీరు ఇంట్లోనే ఉన్నారు. పూర్తయింది. ఆరో మెట్టు, పెద్దల కాళ్లు పట్టుకొనుట. సార్ కుర్చీలో అనుకూలంగా ఉన్నారు. ఒక్క నిమిషం వంగితే చాలు. మేనేజరు ఆర్డరు నా సంచీలోనే ఉంది."

గుమ్మంలో నిలబడ్డ రత్నావళి మొగుడి వైపు చూసింది. క్వార్టర్సు, కిటికీ తెర, అన్నీ ఆమె కళ్లలో ఉన్నాయి. అయినా, "ట్యాంకరు వేడెక్కుతోందంటున్నారు, బయల్దేరండి," అంది.

కోదండం వంగాడు. చెప్పుల స్టాండు కుర్చీ పక్కనే ఉంది కదా. ఎండీ గారి పాదాల పక్కనున్న తన చెప్పులు లాక్కుని, బకిల్ పట్టక ఒకటికి రెండుసార్లు తడిమి, వేసుకుని నిలబడ్డాడు.

ఫోను గంట కొట్టింది. 'వంగినది, తడిమినది, లేచినది. వినయం: తొంభై నాలుగు. ఆరవ మెట్టు పూర్తి. అభినందనలు, ప్లాంటు మేనేజరు గారూ.'

"అమ్మా, నేను చెప్పులేసుకున్నాను," అన్నాడు కోదండం.

"యాప్ అబద్ధం చెప్పదండీ."

"కొట్టెయ్యండి దాన్ని. నేనెవరి కాళ్లూ పట్టుకోలేదు."

"ఊరుకోవయ్యా," అన్నారు చక్రధరరావు గారు, నెమ్మదిగా. "నా కథా ఇట్టాగే మొదలైంది."

వాదనకు వేళ లేదు. కోదండం స్కూటరు తీశాడు. ఆర్డరు కాగితాన్ని హిమబిందు ఎవరికివ్వాలో తోచక పట్టుకుని నిలబడితే, రత్నావళి మర్యాదగా చేతిలోంచి తీసుకుని లోపలికెళ్లింది.

ప్లాంటులో మహంకాళమ్మ, మరో నలుగురు ఆడవాళ్లు ట్యాంకరు నిండా తడి గోనెలు కప్పి, బిందెలతో నీళ్లు కుమ్మరిస్తున్నారు. కంప్రెసరు బెల్టు జారింది, అంతే. కోదండం చొక్కా విప్పి, బెల్టు ఎక్కించి, ఐసు దిమ్మలు తెప్పించాడు. తొమ్మిది డిగ్రీలకు పోయిన పాలు ఏడుకు దిగాయి, అయిదుకు దిగాయి, నాలుగు దగ్గర నిలబడ్డాయి. మూత తీసి వాసన చూశాడు. ఫరవాలేదు.

సవరించిన సర్క్యులరు మర్నాటి నుంచే అమల్లోకి వచ్చిందని ముందే చెప్పేస్తాను. నాలుగో మెట్టు కోసం మిగిలిన అధికారులు రోజూ మధ్యాహ్నం ఇళ్లకు పోయి పడుకోవడం మొదలుపెట్టారు, పాల జోలికి ఒక్కరూ రావడం లేదు. ఆ డెయిరీకి ఇంతకంటే మేలు చేసిన సర్క్యులరు లేదు. సాయంత్రాలు ఆరో మెట్టు కోసం ఎండీ బంగళా ముందు క్యూ కడుతున్నారు. ఆయన కాళ్లకు వాపొచ్చిందని విన్నాను.

ఆ ఆదివారం మాత్రం, ట్యాంకరు గేటు దాటాక, మహంకాళమ్మ తడిసిన కొంగు పిండుకుంటూ వచ్చి కోదండం పక్కన చతికిలబడింది.

"మేనేజరువయినావంట గదా బాబూ. వాచ్‌మన్ ఫోన్లో పడిందంట. ఎట్టా అయినావు?"

కోదండానికి మంచి మంచి జవాబులు తోచాయి. ఇరవై రెండేళ్ల కష్టం అనొచ్చు. పాలను నమ్ముకున్నాను అనొచ్చు. రేపెవరైనా పత్రికవాళ్లొచ్చి అడిగితే ఏవి అచ్చుకు బాగుంటాయో కూడా తెలుస్తూనే ఉంది. మహంకాళమ్మ చేతుల వైపు చూశాడు. ముప్పై ఏళ్లు క్యాన్లు కడిగే సోడాలో నాని తెల్లగా పాలిపోయిన చేతులు. అతనికి సిగ్గేసింది.

"ఏం జరిగిందంటే మహంకాళమ్మా," అన్నాడు, "మా వసారాలో వంగి చెప్పులేసుకుంటున్నా. లేచేసరికి మేనేజర్ని అయిపోయా."

మహంకాళమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. కడిగిన క్యాను బోర్లించి, "ఆయన నిద్దరపోయి లేచేసరికి అయినాడు," అంది. "నువ్వు నయం బాబూ, మెలకువగానన్నా ఉన్నావు."